అమ్మడూ, ఆ పూలకిరీటం తీసేసి మళ్ళీ గియ్యి

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మూడు బొమ్మలూ చూశాను. ఫోన్‌లో చూస్తే తృప్తి లేక మీ మామయ్య లాప్‌టాప్‌లో పెద్దవి చేసుకుని మళ్ళీ చూశాను. "బాగున్నాయి అని ఒక్క మాట రాయి చాలు అత్తయ్యా" అన్నావు. బాగున్నాయి. ఇక మిగతాది విను.

ముందు ఆ హైలాండ్ ఆవు, అదే, ఒళ్ళంతా జూలున్న ఆ స్కాట్లండ్ ఆవు సంగతి. దాని తల మీద పూలకిరీటం దేనికి పెట్టావో నాకు తెలుసు. ఇక్కడ ఏ గిఫ్ట్ షాపుకి వెళ్ళినా కప్పుల మీద, దిండు గలీబుల మీద, గ్రీటింగ్ కార్డుల మీద అదే ఆవు, అదే కిరీటం. అమ్ముడుపోతుంది, కాదనను. కానీ నువ్వు పూలు పెట్టింది అమ్మకం కోసం ఒక్కటే కాదు, కొమ్ము తలలోంచి ఎక్కడ మొలుస్తుందో తెలియక. అక్కడ తడబడ్డావు, తడబడిన చోట నాలుగు గులాబీలు అంటించావు. నా దగ్గర దాచలేవు, ఎందుకంటే నేనూ ఇలాంటి వేషాలు చాలా వేశాను, నా మొదటి రెండేళ్ళ బొమ్మల్లో ఏ గొర్రెకీ కాళ్ళు కనిపించవు, అన్నీ మోకాలి లోతు గడ్డిలోనే ఉంటాయి!

నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్తాను. మేం ఈ యార్క్‌షైర్ వచ్చింది 1984లో. మీ మామయ్య హాస్పిటల్ డ్యూటీకి పోతే నాకు కిటికీలోంచి కనిపించేవి రాతిగోడలు, పొలాలు, పశువులు, వాన. కొన్నేళ్ళకి పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక ఒక స్కెచ్ పుస్తకం కొనుక్కుని గోడ పక్కన నిలబడి ఒక ఆవుని గీశాను. నాకు పశువుల్ని గీయడం ఎవరూ నేర్పక్కర్లేదు అనుకున్నాను, మీ తాతయ్య ఒంగోలు జతని కట్టినవాడు, ఆ దూడల మధ్యే పెరిగాను. అంతలో ఆ రైతు వచ్చి గోడ మీంచి తొంగిచూసి, "దాని భుజం మీద ఆ గడ్డ ఏంటి, వెట్‌ని పిలవాలా?" అన్నాడు. చూసుకుంటే నేను మూపురం పెట్టేశాను. గంగడోలు కూడా! ఎదురుగా ఉన్న ఆవుకి రెండూ లేవు. వీపు మెడ దగ్గర్నుంచి తోక దాకా దాదాపు బల్ల పరిచినట్టు ఉంటుంది, మెడ కింద చర్మం బిగుతుగా ఉంటుంది, చెవులు కిందికి వేలాడకుండా పక్కకి నిలబడతాయి. నా కళ్ళు యార్క్‌షైర్ ఆవుని చూస్తున్నాయి, నా చెయ్యి ప్రకాశం జిల్లా ఆవుని గీస్తోంది.

నీ చెయ్యి ఏం గీస్తోందో తెలుసా? ఫోన్‌లో చూసిన వేరేవాళ్ళ బొమ్మల్ని. నా జబ్బు కంటే అది కాస్త ముదిరినది. నాకు కనీసం ఒక నిజమైన ఆవు గుర్తుంది.

అందుకని మొదటి పని, ఒక పొలం చూసుకో. ఒక్కటే. ఏడాదంతా దానికే వెళ్ళు. మీ లెస్టర్ నుంచి అరగంట డ్రైవ్ చేస్తే గొర్రెలున్న పొలాలు బోలెడు. పబ్లిక్ ఫుట్‌పాత్ ఉన్న చోట నడిచే హక్కు నీకుంది, కానీ ఆ దారి వదిలి పొలంలోకి దిగితే అది వేరొకరి స్థలం, స్కాట్లండ్‌లో ఉన్నంత స్వేచ్ఛ ఇంగ్లండ్‌లో లేదు. రైతుని వెళ్ళి అడుగు. బొమ్మలు గీసుకుంటాను అంటే కాదన్నవాళ్ళు నాకు ఇద్దరే తగిలారు, అదీ ఒకరిని ఏప్రిల్‌లో అడిగాను, గొర్రెలు ఈనే రోజుల్లో మనిషికి నిద్రుండదు, అడగడం నాదే తప్పు. గేటు మూసి ఉంటే మూసెయ్యి, తీసి ఉంటే తీసే ఉంచు. దూడ ఉన్న ఆవు దగ్గరికి మాత్రం వెళ్ళకు. మన ఇంటి ఆవులా తల నిమరబోయావంటే తొక్కేస్తుంది, ఇక్కడ అలా ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. గోడకి ఇవతలే నీ చోటు.

ఇక గీయడం. జంతువు కదులుతుంది, అది నీ మీద కోపంతో కాదు. కాగితం మీద ఒకేసారి ఐదారు బొమ్మలు మొదలుపెట్టు, ఒక గొర్రె తల ఎత్తితే ఒకటి, దించితే ఇంకొకటి, పక్కకి తిరిగితే మూడోది. కదిలిందని తిట్టుకుంటూ కూర్చోకుండా కొత్తది మొదలుపెట్టు, మళ్ళీ అదే భంగిమకి వచ్చినప్పుడు పాతదాన్ని అందుకో. గొర్రెలు రోజంతా నాలుగైదు భంగిమలే తిప్పి తిప్పి పెడతాయి, కచ్చితంగా తిరిగొస్తాయి. ఎండ కాస్త ఎక్కాక పడుకుని నెమరువేస్తాయి చూడు, నీలాంటివాళ్ళకి అది వరం. మెత్తని పెన్సిల్ ఒకటి చాలు, రబ్బరు ఇంట్లో వదిలెయ్యి. ఆవు లేచేటప్పుడు ముందు వెనక కాళ్ళు లేపుతుంది, గుర్రం ముందు కాళ్ళు చాపుకుని లేస్తుంది. ఇలాంటివి ఫోటోలో దొరకవు. ఒకసారి కంటితో చూశావంటే లేస్తున్న ఆవుని ఇంక తప్పు గీయలేవు.

కారులో కూర్చుని గీయడం చిన్నతనం అనుకోకు. పక్షులూ కుందేళ్ళూ నిలబడ్డ మనిషిని చూసి పారిపోతాయి గానీ ఆగి ఉన్న కారుని అంతగా పట్టించుకోవు. ఇంజిన్ ఆపి, అద్దం దించి, ఒళ్ళో బోర్డు పెట్టుకో. బైనాక్యులర్స్ కొనడానికి డబ్బు పెట్టు, బ్రష్షుల సెట్టు తర్వాత కొనుక్కోవచ్చు.

నీ రెండో బొమ్మ, హేర్ అని పేరు పెట్టింది. అది హేర్ కాదు, చెవులు లాగిన రాబిట్. మనకి రెండూ కుందేళ్ళే కాబట్టి తేడా పట్టదు, ఇక్కడివాళ్ళకి మాత్రం మేకకీ గొర్రెకీ ఉన్నంత తేడా. హేర్ పొడుగాటి జంతువు, వెనక కాళ్ళు మరీ పొడుగు, చెవుల చివర నలుపు, కళ్ళు తేనెరంగు. బొరియలో ఉండదు, పొలంలోనే నేల మీద చిన్న గుంటలో ఒదిగి పడుకుంటుంది, ఆ గుంటని ఫామ్ (form) అంటారు. నువ్వు బొరియ ముందు కూర్చోబెట్టావు చూడు, పల్లెవాళ్ళెవరైనా అక్కడే నవ్వుతారు. వసంతంలో రెండు కాళ్ళ మీద లేచి కొట్టుకుంటాయే, ఆ బొమ్మ అందరూ వేస్తారు, రెండూ మగవి పోట్లాడుకుంటున్నాయి అనుకుంటారు. చాలాసార్లు అది వెంటపడుతున్న మగదాన్ని ఆడది చెంపలు వాయించడం. అది తెలిశాక నేను ఆ బొమ్మ వేసే తీరే మారింది. ఒక మొహంలో విసుగు పెట్టాలి, రెండోదాంట్లో ఆశ.

మూడోది, బార్న్ ఔల్ అనే గుడ్లగూబ. రెక్కలు చాలా బాగా వచ్చాయి, నిజంగా, ఆ బంగారు ఛాయ మీద బూడిద చుక్కలు నాకు కూడా అంత తేలిగ్గా రావు. కానీ పసుపు కళ్ళు పెట్టావేంటే? బార్న్ ఔల్ కళ్ళు నల్లగా ఉంటాయి. లిటిల్ ఔల్‌వి, షార్ట్ ఇయర్డ్ ఔల్‌వి పసుపు. మన దగ్గర గుడ్లగూబ ఇంటి మీద వాలితే శాంతి చేయించేవాళ్ళు కదా, ఇక్కడి రైతుకి ఎలుకలు పట్టే పిట్ట కొట్టంలో గూడు పెట్టిందంటే సంతోషం, అందుకే ఈ బొమ్మ బాగా పోతుంది కూడా. ఒక్క జాగ్రత్త, గూటి దగ్గరికి వెళ్ళి దాన్ని కదిలించడం నేరం, 1981 నాటి వన్యప్రాణి చట్టంలో ప్రత్యేక రక్షణ ఉన్న పక్షుల్లో అదొకటి. కింగ్‌ఫిషర్ కూడా. బార్న్ ఔల్ సాయంత్రం పూట గరుకు గడ్డి మైదానాల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ వేటాడుతుంది, దూరం నుంచే చూడు, గీయడానికి అది చాలు.

ఏ జంతువు ఏ నేల మీద, ఏ నెలలో ఉంటుందో కూడా చూసుకోవాలి. లెస్టర్‌లో మీ పెరట్లో తిరిగే ఉడత బూడిద రంగుది, అమెరికా నుంచి తెచ్చి వదిలిన జాతి. ఎర్ర ఉడత కావాలంటే మా హాస్ ఊరి దగ్గరికో, కంబ్రియాకో, స్కాట్లండ్‌కో రావాలి. నల్ల మొహం, తెల్ల మూతి, ఆడదానికీ మగదానికీ కొమ్ములు ఉంటే అది స్వేల్‌డేల్, మా డేల్స్ (యార్క్‌షైర్ లోయల) గొర్రె. లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద హెర్డ్విక్ ఉంటుంది, పిల్ల నల్లగా పుడుతుంది, పెరిగేకొద్దీ ఒళ్ళు గోధుమకి తిరిగి బూడిదరంగు అవుతుంది, మొహం తెల్లబడుతుంది. తెల్ల గొర్రె పక్కన నల్ల పిల్లని వేసి "తప్పిపోయిన పిల్ల" అని పేరు పెట్టిన బొమ్మ ఒకటి చూశాను ఒక ఎగ్జిబిషన్‌లో, నవ్వాపుకోలేక బయటికి వచ్చేశాను. అలాగే మగ ఎర్ర జింక. దాని కొమ్ములు వసంతంలో రాలిపోయి వేసవంతా మళ్ళీ పెరుగుతాయి. వసంతంలో పూసే నీలం బ్లూబెల్ పూల మధ్య నిండు కొమ్ముల ఎర్ర జింకని వేశావంటే అది ఏ నెలా కాదు. అదే చిన్న జింక, రో డీర్ మగది, అప్పటికి కొమ్ములతో సిద్ధంగా ఉంటుంది, దాన్ని వేసుకో.

నవంబర్‌లో ఇక్కడికి వస్తే గొర్రెల వెనక భాగాన ఎర్రగానో నీలంగానో మరకలు కనిపిస్తాయి. పొట్టేలు ఛాతీకి రంగు పూసి మందలోకి వదులుతారు, అది ఏ గొర్రెనెక్కిందో ఆ మరకని బట్టి రైతుకి తెలుస్తుంది, 5 నెలలకి ఈనుతుందని లెక్క వేసుకుంటాడు. చాలామంది పెయింటర్లు ఆ మరకలు అందంగా లేవని తీసేస్తారు. నేను ఉంచుతాను. ఆ బూడిద కొండల మీద ఆ ఒక్క ఎరుపు చుక్క ఎంత పని చేస్తుందో వేసి చూడు.

చెవి ట్యాగులు మాత్రం నేనూ వదిలేసేదాన్ని. 2001లో ఫుట్ అండ్ మౌత్ వచ్చింది, అదే, మన గాలికుంటు. అప్పటికి నువ్వు పుట్టలేదేమో. దేశం మొత్తం మీద 60 లక్షలకి పైగా పశువుల్ని చంపేశారు, మా వైపు సెటిల్ అనే ఊరి చుట్టుపక్కల కూడా. నేను గీసుకునే పొలాల్లో ఒకదానిలో ఆ వేసవి ఒక్క జంతువు లేదు, గడ్డి నడుము దాకా పెరిగింది. ఆ రైతుకి షార్ట్‌హార్న్ ఆవు ఒకటుండేది, ఎరుపూ తెలుపూ కలిసిపోయిన రోన్ రంగుది, నా పుస్తకంలో దాని స్కెచ్‌లు పదో పన్నెండో ఉన్నాయి. వాటినుంచి పెయింటింగ్ వేసిపెట్టమన్నాడు. వేసి తీసుకెళ్ళాను. చాలాసేపు చూసి, "ట్యాగ్ లేదే" అన్నాడు. నంబర్ నాకు తెలియదు అన్నాను. కాగితం అవసరం లేకుండా నంబరంతా చెప్పాడు. అతని వంటింటి బల్ల మీదే కూర్చుని సన్న బ్రష్షుతో రాశాను.

సరే. రంగుల సంగతికి వద్దాం.

కాగితం మీద పొదుపు చెయ్యకు. 300 జీఎస్‌ఎం (కాగితం మందాన్ని చెప్పే కొలత) కంటే పల్చనిది వాటర్‌కలర్‌కి వద్దు, తడిసి అలలు తేలుతుంది. రంగులు స్టూడెంట్ రకంతో మొదలుపెట్టినా, అమ్మే బొమ్మకి మాత్రం ట్యూబ్ మీద వెలుతురుకి తట్టుకునే గుర్తు చూసుకుని వాడు. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు పాత రకం ఎండకి వెలిసిపోతుంది. నేను ఒక నక్క బొమ్మలో వాడాను, కొన్నావిడ కిటికీ ఎదురుగా తగిలించుకుంది, నాలుగేళ్ళకి ఫోన్ చేసి "మీ నక్క ముసలిదైపోయింది" అంది. ఊరికే ఇంకొకటి వేసిచ్చాను.

ఆకుపచ్చ ఇక్కడ పెద్ద గండం. ట్యూబ్‌లోంచి తీసిన ఆకుపచ్చ తిన్నగా పూస్తే పొలం ప్లాస్టిక్ చాపలా ఉంటుంది. నీలం, పసుపు నువ్వే కలుపు, అందులో చిటికెడు బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు వెయ్యి, అప్పుడు అది వానలో తడిసిన నేల మీది పచ్చ అవుతుంది. తెలుపు ఇంకో గండం. తెల్ల గొర్రె తెల్లగా ఉండదు. మంచు పడ్డ రోజు చూడు, నిన్నటిదాకా తెల్లగా కనిపించిన మంద మంచు ముందు పాత పత్తిలా పసుపుగా తేలుతుంది. మన నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే, అందుకే మనకి ఈ ఉన్ని గీయడం చేతికి అలవాటు లేని పని. తెలంగాణ దక్కనీ గొర్రెని చూసినవాళ్ళకి, గొంగడి కప్పుకున్నవాళ్ళకి కాస్త తెలుస్తుందేమో. ఒక్కొక్క వెంట్రుకా గీయకు. నీడలు గియ్యి, ఉన్ని దానంతటదే వస్తుంది.

కన్ను ముందు వెయ్యి. నేను ఎప్పుడూ అంతే, కన్ను కుదరకపోతే కాగితం అక్కడే తిప్పేస్తాను, మూడు రోజుల పని దండగ కాదు. గొర్రె కంటిపాప అడ్డంగా గీతలా ఉంటుంది, నక్కది నిలువుగా. కంట్లో మెరుపు అని అందరూ పచ్చి తెలుపు చుక్క పెడతారు, ఆరుబయట ఉన్న జంతువు కంట్లో మెరిసేది ఆకాశం, అందులో రవ్వంత నీలం బూడిద ఉండాలి.

ఫోటో చూసి వేయొచ్చా అని అడిగావు. నువ్వు తీసిన ఫోటో అయితే వెయ్యి, స్కెచ్ పక్కన పెట్టుకుని. నెట్‌లో దొరికిన ఫోటో దాన్ని తీసినవాడిది. దాన్ని చూసి వేసి "ఒరిజినల్" అని అమ్మితే ఒకరోజు వాడు తలుపు కొడతాడు.

ఈసారి లండన్ వెళ్తే నేషనల్ గ్యాలరీలో జార్జ్ స్టబ్స్ వేసిన విజిల్‌జాకెట్ గుర్రాన్ని చూడు, టికెట్ కూడా లేదు. 1762 ప్రాంతంలో వేశాడు, దాదాపు నిజం గుర్రమంత ఉంటుంది, వెనక చెట్టు లేదు, ఆకాశం లేదు, ఖాళీ రంగు అంతే. అలా నిలబెట్టడానికి ముందు ఆ మనిషి లింకన్‌షైర్‌లో హార్క్‌స్టో అనే పల్లెలో 18 నెలలు చచ్చిన గుర్రాల్ని వేలాడదీసి, చర్మం, కండ, ఎముక వరసగా విప్పుకుంటూ గీశాడు. నిన్ను అది చెయ్యమనడం లేదు! కానీ వెనకాల ఏమీ వేయకుండా నీ ఆవు నిలబడుతుందా అని ఒకసారి చూసుకో. కిరీటాల అవసరం ఎక్కడొస్తుందో అప్పుడు తెలుస్తుంది. టన్నిక్లిఫ్ అని ఇంకొకాయన, 1901లో పుట్టాడు, చెషైర్‌లో పొలం పనులు చేస్తూ పెరిగాడు, తర్వాత ఆంగ్లెసీ ద్వీపంలో ఉండి చనిపోయి దొరికిన పక్షుల్ని కొలతలతో సహా నిలువెత్తున గీసి పెట్టుకున్నాడు. అవి అక్కడి ఓరియల్ మోన్ మ్యూజియంలో ఉన్నాయి. రెక్క ఈకల వరస నాకు ఆయన దగ్గరే పట్టుబడింది.

కొనేవాళ్ళు కోరికలు కోరతారు. 200 ఏళ్ళ కిందట కూడా కోరారు. అప్పట్లో పోటీల్లో బహుమతులు గెలిచిన పశువుల బొమ్మలు వేయించుకోవడం పెద్ద మోజు, చిన్న కాళ్ళు, బల్లలాంటి ఒళ్ళు, అంత లావు పశువు ఈ భూమ్మీద నడిచి ఉండదు. థామస్ బ్యూయిక్ అనే నార్తంబర్లండ్ కళాకారుణ్ణి కూడా గొర్రెల ఒంటి మీద లేని కొవ్వు ముద్దలు పెట్టమన్నారట, ఆయన ఒప్పుకోలేదు. నన్ను ఒకాయన తన పొట్టేలు కొమ్ములు ఇంకొంచెం మెలి తిప్పమన్నాడు. ఒక్క మెలిక తిప్పాను, అబద్ధమెందుకు చెప్పాలి, అప్పుడు బాయిలర్ బాగుచేయించాలి.

డబ్బు మాటలు త్వరగా చెప్పేస్తాను. అమ్మడం మొదలుపెట్టే ముందు నీ వీసా షరతులు ఒకసారి తెలిసినవాళ్ళని అడుగు, ఉద్యోగ వీసా మీద సొంతంగా అమ్ముకోవడం కుదురుతుందా లేదా అన్నది చూసుకోకుండా ఒక్క పౌండు కూడా తీసుకోకు. నేను 35 పౌండ్లకి మొదటిది అమ్మాను, అందులో ఫ్రేముకే 20 పోయింది. గ్యాలరీలు దాదాపు సగం పట్టుకుంటాయి, ధర వేసేటప్పుడే అది కలుపుకో, తర్వాత ఏడవకు. షాపులో అమ్మకానికి పెడితే ఏ బొమ్మలు ఇచ్చావో జాబితా రాసి సంతకం పెట్టించుకో. నేను మొహమాటపడి అడగలేదు, ఒకరోజు వెళ్ళేసరికి షాపు మూసేసి ఉంది, నా రెండు బ్యాడ్జర్ బొమ్మలు ఎక్కడున్నాయో ఈ రోజుకీ తెలియదు. ఒరిజినల్ అమ్మినా కాపీరైట్ నీదే, నువ్వు రాతపూర్వకంగా ఇస్తే తప్ప పోదు, కార్డులు వేసుకునే హక్కు కొన్నవాళ్ళకి రాదు. ప్రింటుని ప్రింటు అనే చెప్పి అమ్ము. పెంపుడు కుక్క బొమ్మ వేయమంటే సగం ముందు తీసుకో. కుక్క చనిపోయాక వచ్చేవాళ్ళు ఎక్కువ, వాళ్ళతో మాత్రం బేరం ఆడకు.

సెప్టెంబర్ చివర్లో మాషమ్‌లో గొర్రెల సంత జరుగుతుంది, నేను ప్రతి ఏడాదీ వెళ్తాను. ఊరి నడిమధ్య దొడ్లు కట్టి రకరకాల జాతులు పక్కపక్కనే పెడతారు, ఒక్క రోజులో నువ్వు ఏడాది తిరిగినా చూడనన్ని మొహాలు చూస్తావు. శుక్రవారం రాత్రికే వచ్చెయ్యి. ఆ హైలాండ్ ఆవు బొమ్మ కూడా తీసుకురా, పారెయ్యకు, కిరీటం కింద ఏముందో ఇద్దరం కూర్చుని చూద్దాం. వెనక పొలంలోకి ఈ మధ్య సాయంత్రం ఆరు దాటాక ఒక హేర్ వస్తోంది, గోడ పక్కనే కూర్చుని చెవులు దువ్వుకుంటోంది. నీకు సరిపోయే వెల్లింగ్టన్ బూట్లు మాత్రం నా దగ్గర లేవు, తెచ్చుకో.

మీ అత్తయ్య